హాబీ అని పేరు పెడితే పొగ మారదు

సూరత్ నుంచీ హైదరాబాదు నుంచీ పండగలకి ఊరొచ్చే అన్నయ్యల నోట ఇప్పుడొక కొత్త మాట వినిపిస్తోంది. "ఇది సిగరెట్టు కాదురా, హాబీ" అంటున్నారు. స్టాంపులు పోగుచెయ్యడం హాబీ, పావురాలు పెంచడం హాబీ, అలాగే ఇదీ హాబీయేనట. నా తగువు ముందు ఈ మాటతోనే. వస్తువు సంగతి ఆ తర్వాత.

అయితే ఈ పత్రిక అమ్మానాన్నలూ చదువుతారు, వాళ్ళలో చాలామంది ఆ వస్తువుని చూసి ఉండరు. కాబట్టి అదేమిటో చెప్పాలి. ఈ-సిగరెట్టులో పొగాకు కాలదు. ఒక ద్రవాన్ని బ్యాటరీతో వేడి చేసి, వచ్చే ఆవిరిని పీలుస్తారు. మామూలు రకం పెన్నులాగ ఉంటుంది, పీల్చి పారేస్తారు. హాబీ అనేవాళ్ళది వేరే రకం, దాన్ని డ్రిప్పర్ అంటారు. పూర్తి పేరు రీబిల్డబుల్ డ్రిప్పింగ్ అటామైజర్. చిన్న లోహపు గిన్నె, లోపల స్క్రూలతో బిగించిన తీగచుట్ట, ఆ చుట్టలో దూర్చిన దూది. దూది మీద నాలుగైదు చుక్కల ద్రవం వెయ్యాలి, బటను నొక్కాలి, పీల్చాలి. ఆరిపోతే మళ్ళీ చుక్కలు వెయ్యాలి. తీగ పాడైతే విప్పి కొత్తది ఎవరికి వారే చుట్టుకోవాలి. (తెలుగులో తీగని చుట్టినా చుట్టే, పొగాకుని చుట్టినా చుట్టే. మన భాషకి ముందే తెలుసన్నమాట.)

ఆ తీగ చుట్టడంలో నేర్పు ఉంది, కాదనను. నైక్రోమో కాంతలో తెచ్చి, ఎన్ని చుట్లు వేస్తే ఎన్ని ఓములు వస్తాయో లెక్క కట్టి, చుట్లన్నీ ఒకేసారి ఎర్రబడేలా సర్దుతారు. మా పదో తరగతి పాఠంలో ఉన్న ఓం సూత్రమే అది. మరి ఆ లెక్క చివరిదాకా చేద్దాం. నిండా చార్జి అయిన లిథియం బ్యాటరీ 4.2 వోల్టులు. తీగ నిరోధం 0.2 ఓములు అనుకోండి. 4.2ని 0.2తో భాగిస్తే 21 ఆంపియర్లు. సామర్థ్యం 4.2 ఇంటూ 21, అంటే సుమారు 88 వాట్లు. రేడియో రిపేరు చేసేవాళ్ళు సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. దానికి మూడు రెట్లకు పైన వేడిని పెదవులకి అంగుళం దూరంలో పెట్టుకోవడం ఏ హాబీ?

కొందరు వాడే మెకానికల్ గొట్టాల్లో బ్యాటరీని కాపాడే సర్క్యూటు కూడా ఉండదు. తీగ ఎక్కడైనా తగిలి షార్టయితే ఆపేవాడు లేడు. ఇలాంటి పరికరాలు పేలి అమెరికాలో ఫ్లోరిడాలో 2018లో ఒకరు, టెక్సాస్‌లో 2019లో ఒకరు చనిపోయారు. పావురాలు పెంచి ఎవరైనా అలా పోయారా?

ఇక సీసాలో ద్రవం. ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, వాసన కోసం ఫ్లేవరు, వాటితో పాటు నికోటిన్. ఫ్లేవర్లు తినేవే కదా, మామిడి, పుదీనా, వెన్న, వాటికేం భయం అంటారు. కడుపు వేరు, ఊపిరితిత్తి వేరు. అమెరికాలో మిసోరీ రాష్ట్రంలో పాప్‌కార్న్ ఫ్యాక్టరీ కార్మికులకి 2000 సంవత్సరంలో ఊపిరితిత్తుల జబ్బు బయటపడింది. వెన్న వాసన ఇచ్చే డైఎసిటైల్ అనే పదార్థాన్ని పీల్చడం వల్ల వచ్చిందది. తింటే ఏమీ చెయ్యని వాసన, పీలిస్తే సన్నని గాలిగొట్టాలను మూసేసింది. డ్రిప్పర్‌లో ఇంకో చిక్కు ఉంది. దూది ఆరిపోయినప్పుడు బటను నొక్కితే ద్రవం మాడి ఫార్మాల్డిహైడ్ లాంటి విషాలు పుడతాయి. ఎప్పుడు ఆరిందో చెప్పేది నాలుకే. మాడు రుచి వచ్చాక తెలుస్తుంది, అప్పటికే లోపలికి పోయింది.

2019లో, 2020 మొదట్లో అమెరికాలో ఈ ఆవిరి పీల్చినవాళ్ళు 2,807 మంది ఆస్పత్రుల పాలయ్యారు లేదా చనిపోయారు. చావులు 68. వాళ్ళలో ఎక్కువమంది పీల్చింది గంజాయి సారం కలిసిన దొంగ సరుకు. అందులో కల్తీగా కలిపిన విటమిన్-ఇ అసిటేట్ ఊపిరితిత్తుల్లో చేరింది. "అయితే మాకేం, మాది గంజాయి కాదు కదా" అనకండి. దొంగ సరుకు అన్నమాట గుర్తుపెట్టుకోండి. మన దేశంలో 2019 సెప్టెంబరు 18 నుంచి ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, రవాణా, ప్రకటన అన్నీ నేరం. మొదటిసారి దొరికితే ఏడాది జైలు లేదా లక్ష రూపాయల జరిమానా లేదా రెండూ. పేరు ఏదైనా, ఆకారం ఏదైనా వర్తిస్తుందని చట్టంలోనే రాసి ఉంది. అంటే హాబీ అని పేరు పెట్టినా అంతే. ఇక్కడికి వచ్చే ప్రతి సీసా దొంగ సరుకే. దాని మీద 3 మిల్లీగ్రాములని రాసి ఉంటే 3 అని ఎవరు చూశారు?

"సిగరెట్టు కంటే మేలు కదా" అన్నది వాళ్ళ చివరి మాట. ఇరవై ఏళ్ళు సిగరెట్లు తాగిన మనిషి వాటిని పూర్తిగా మానేసి దీనికి మారితే కొంత మేలని బ్రిటన్‌లో డాక్టర్లే చెబుతున్నారు, నిజమే. ఆ మాట మానాలనుకునే మావయ్య కోసం. నా పక్క బెంచీలో కూర్చునే గుంటడు దేనిలోంచి మారుతున్నాడు? పుల్లఐసులోంచా?

నేర్పు ఉంటే అది కళ అయిపోతుందనుకునేవాళ్ళు మన తీరంలో ముసలమ్మలని అడగాలి. గంజాం నుంచి శ్రీకాకుళం, విశాఖపట్నం దాకా అడ్డపొగ తాగే ఆడవాళ్ళున్నారు. చుట్ట నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుంటారు. నాలుక కాలకుండా, నిప్పు ఆరకుండా, పెదవులు మూసుకుని పని చేసుకుంటూ పోతారు. ఏ డ్రిప్పర్ వాడి చేతకాదది. 1971లో అచ్చయిన ఒక పరిశోధనలో శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్ళు పరీక్షించారు. నూటికి 43 మందికి పైగా అడ్డపొగ తాగేవాళ్ళే. అంగుడు ముందు తెల్లబడుతుంది, తర్వాత ఎర్ర మచ్చలు, కొందరికి పుండు, కేన్సరు. తల్లి దగ్గర కూతురు నేర్చుకుంది. ఆ నేర్పుకి ఎవరూ హాబీ అని పేరు పెట్టలేదు. వాళ్ళకి ఆ మాట తెలియదు గానీ, తెలిసినా అంగుడు ఒప్పుకునేది కాదు.

పొగకి చదువు వేషం వెయ్యడం కూడా మనకి పాతదే. 1892లో విజయనగరంలో ఆడిన కన్యాశుల్కంలో గిరీశం శిష్యుడు వెంకటేశానికి చుట్ట గొప్పతనాన్ని పురాణం చెప్పినంత బాగా చెబుతాడు. ఇన్నాళ్ళూ గురువు దగ్గర నేర్చుకున్నది చుట్ట కాల్చడమేనని ఆ కుర్రాడికి తెలుసు. పరీక్ష మటుకు పోయింది. ఇప్పటి గిరీశాలు ఓం సూత్రం చెబుతున్నారు, అంతే తేడా.

పెద్దలని వదిలేస్తే ఈ వ్యాసం సగమే అవుతుంది. ఒడిశాలో గుట్కా నిషేధం 2013 నుంచి ఉంది. పాన్ మసాలా ఒక పొట్లం, జర్దా ఒక పొట్లం విడివిడిగా కొని నోట్లో కలుపుకుంటే అది గుట్కా కాదా? 2003 చట్టం ప్రకారం 18 ఏళ్ళు నిండనివాళ్ళకి పొగాకు అమ్మకూడదు. బడికి 100 గజాల లోపల అసలు ఎవరికీ అమ్మకూడదు. మరి "ఒరే, కొట్టుకెళ్ళి బీడీకట్ట పట్రా" అని పదేళ్ళవాడికి డబ్బులిచ్చి పంపేది ఎవరు? వాడు తెచ్చిన కట్ట విప్పుతూనే "ఆ సెల్లులో చూసి పాడైపోతున్నారు గుంటలు" అని తిట్టేది ఎవరు? నాన్నగార్లకి కోపం రావచ్చు. ఆవిరి పీల్చే అన్నయ్య తగువులో వేసే మొదటి ఎత్తు ఇదే, "మీ నాన్న తాగడా?" అని. ఆ మాటకి నా దగ్గర జవాబు లేకుండా చేసింది నేను కాదు.

రెండు పనులు అడుగుతున్నాను. మాస్టార్లు ఒక పొడవైన టేపు ఇస్తే పదో తరగతివాళ్ళం బడి ప్రహరీ గోడ నుంచి 100 గజాలు, అంటే 300 అడుగులు, నాలుగు వైపులా కొలుస్తాం. లోపల ఎన్ని బడ్డీకొట్లు పడ్డాయో రాసి పంచాయతీకి ఇద్దాం. రెండోది, సైన్సు గదికి నైక్రోమ్ తీగ, అమ్మీటరు, బ్యాటరీ పెట్టె కొనండి. తీగ చుట్టాలని మాకూ ఉంది. థర్మోకోల్ కోసే కట్టరు నైక్రోమ్ తీగతోనే చేస్తారు, దానికీ ఓముల లెక్క కావాలి. మొదటిది నేనే చేస్తాను.