సలహాదారుగారి అబ్జర్వేషన్ బుక్కు

సైన్సు విద్యార్థికి రెండు పుస్తకాలుంటాయి. లాబులో రీడింగులు వ్రాసుకునే అబ్జర్వేషన్ బుక్కు ఒకటి, అట్ట వేసి లెక్చరరుగారి సంతకానికి పెట్టే రికార్డు మరొకటి. మొదటిదాంట్లో కొట్టివేతలూ, యాసిడ్ మరకలూ ఉంటాయి. రెండవదాంట్లో గ్రాఫు మీది చుక్కలన్నీ బుద్ధిగా గీత మీదే కూర్చుంటాయి! ప్రయోగం నిజంగా ఎలా జరిగిందో తెలియాలంటే ఏది తెరవాలో వేరే చెప్పనక్కరలేదు.

ఆర్థర్ బర్న్స్ అనే అమెరికన్ ఆర్థికవేత్త కాగితాల గురించి చదివినప్పుడు నాకీ సంగతే తోచింది. ఈయన 1953 నుండి 1956 వరకు అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఆర్థిక సలహామండలికి పెద్ద. 1969లో నిక్సన్‌కు సలహాదారు. 1970 నుండి 1978 వరకు, మన రిజర్వు బ్యాంకు వంటి ఫెడరల్ రిజర్వుకు అధిపతి. 1969-74 మధ్య తన చేత్తో డైరీ వ్రాసుకున్నాడు. అది మిగతా కాగితాలతోపాటు ఆన్ ఆర్బర్‌లోని ఫోర్డ్ గ్రంథాలయానికి చేరి, 2010లో పుస్తకంగా అచ్చయింది.

1971 ఆగస్టు 15న నిక్సన్, ఔన్సుకు 35 డాలర్ల చొప్పున విదేశీ ప్రభుత్వాలకు బంగారం ఇచ్చే ఏర్పాటును ఆపేశాడు. అంతకుముందు క్యాంప్ డేవిడ్‌లో జరిగిన సమాలోచనలో బర్న్స్ వద్దన్నాడు. నిర్ణయం జరిగాక బయట సమర్థించాడు. డైరీలో మాత్రం, మూడు రోజుల ముందే, ప్రభుత్వం చేతకానిదైపోయిందని వాపోయాడు. లోకం విన్నది ఒకటి, కాగితం మీద ఉన్నది ఇంకొకటి.

అయితే డైరీ ఒక్కదాన్నే నమ్మమని నేననను. తన డైరీలో ఎవరైనా తానే ధీరుడు గదా! అదృష్టవశాత్తూ నిక్సన్ టేపులు కూడా మిగిలాయి. 1972 ఎన్నికల ముందు డబ్బు చలామణి పెంచమని ఆయన బర్న్స్‌ను వత్తిడి చేసిన మాటలు వాటిలో ఉన్నాయి. 1971 డిసెంబరులో, రేటు తగ్గించామని బర్న్స్ తానే ఆయనకు చెప్పుకున్న మాటా ఉంది. 1974 చివరికి అక్కడ ధరల పెరుగుదల 12 శాతం దాటింది. చమురు ధర వంటి కారణాలు వేరే ఉన్నాయి, నిజమే. 1979లో బెల్‌గ్రేడ్‌లో చేసిన ఉపన్యాసంలో బర్న్స్ ఎక్కువ బరువు నాటి రాజకీయ, సామాజిక వాతావరణం మీద పెట్టాడు. అది రికార్డు బుక్కు. పక్కన డైరీ, టేపులు లేకపోతే మనం దాంతోనే తృప్తిపడి ఉండేవాళ్లం.

ఇక మన సంగతి. ఫలానా సర్వే నంబరులో మావాళ్లు ఏ పంట వేశారో అడంగల్లో ఉంటుంది, ఎవరైనా చూడవచ్చు. ఆ పంట మద్దతు ధర మీద కమిషన్ నివేదిక కూడా అచ్చవుతుంది. కానీ ఆ నివేదికను ముందు పెట్టుకుని ఎవరు ఎవరికి ఏ సలహా చెప్పారో, ఎవరు కాదన్నారో మన కంట పడడం అరుదు. బస్తా ధర తగ్గినా పెరిగినా భరించేది మేము. ఆ మాటలు మాత్రం మాకు రహస్యం!

1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం కేంద్ర ప్రభుత్వ దస్త్రాలకు వర్తిస్తుంది గాని, సలహాదారు ఇంటి బీరువాలోని నోటుబుక్కులకు కాదు. ఇందిరాగాంధీ దగ్గర పనిచేసిన పి.ఎన్. హక్సర్ కాగితాలు ఢిల్లీ తీన్‌మూర్తి భవన్‌కు చేరాయి గనుక 2018లో జైరాం రమేష్ వాటి ఆధారంగా ఆయన జీవితం వ్రాయగలిగారు. చేరనివారి సంగతి? వారసుల దయ, చెదపురుగుల దయ.

పదవి తీసుకున్న రోజే సలహాదారు చేత ఒక సంతకం పెట్టించాలి: నా నోట్లు, ఉత్తరాలు, ఫోను మెసేజీలు ఆర్కైవ్స్‌కు ఇస్తాను, 25 ఏళ్ల తర్వాత తెరవండి అని. సొంత కుటుంబ విషయాలున్న పేజీలు ఇంకొన్నాళ్లు మూసి ఉంచుకోనివ్వండి, తప్పులేదు. మెసేజీల సంగతి మాత్రం ముందే తేల్చాలి. బర్న్స్ డైరీ నలభై ఏళ్లు ఆగింది. ఇవాళ్టి మెసేజీని వారం తిరక్కుండా దానంతటదే చెరిగిపోయేట్టు పెట్టుకోవచ్చు.