కోల పట్టిన చెయ్యి డప్పు పట్టకూడదా?

"వానికి కోలాటం వచ్చు, ఇగ ఏ తాళమైనా వచ్చినట్టే" అని మా నవీపేట్ దిక్కు పెద్దలంటారు. "ఫోన్ల వేళ్ళాడించుడు వేరు, కోలలాడుడు వేరు" అనీ వాళ్ళే అంటారు. ఈ రెండింటిలో ఏది నిజం? రెండూ సగం సగం నిజమేనని నా అభిప్రాయం.

వ్యవసాయదారుల ఇంట పుట్టినవాణ్ణి గనుక ముందు పొలం సంగతే చెబుతాను. నాగలి పట్టినవాడు ట్రాక్టరెక్కితే స్టీరింగు కొత్త గానీ సాలు కొత్త కాదు. ఎక్కడ మలపాలో, ఎంత లోతు దున్నాలో వాడికి ముందే ఎరుక. 1901లో థార్న్‌డైక్, వుడ్‌వర్త్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞులు ప్రయోగాలు చేసి తేల్చిందీ ఇంచుమించు ఇదే. ఒక పనిలో అబ్బిన నేర్పు మరో పనికి ఊరికే పోదు. రెండింటికీ ఉమ్మడిగా ఉన్న అంశాల మేరకే పోతుంది.

మన ఆటలనే చూడండి. కోలాటంలో కోల ఎదుటివాడి కోలకు తగలాలి. చిరుతలు మన వేళ్ళ మధ్యనే మోగాలి. బతుకమ్మలో చప్పట్టుతోపాటు నడుము వంగి లేవాలి. చేతుల పని మూడింటికీ వేరే. కానీ లెక్క ఒకటే, రాబోయే దెబ్బను ముందే పసిగట్టడమూ ఒకటే. అందుకే కోలాటం మనిషి చిరుతలు పట్టిన మొదటి రోజున వేళ్ళు మొరాయిస్తాయేమో గానీ తాళం తప్పదు. చెవి ముందు నడుస్తుంది, చెయ్యి వెనక వస్తుంది. అంతే.

మరి ఫోను ఆటలు? 1997లో జపానువారి కొనామి కంపెనీ బీట్‌మేనియాను, 1998లో కాళ్ళతో ఆడే డాన్స్ డాన్స్ రెవల్యూషన్‌ను తెచ్చింది. 2001లో నామ్‌కో తెచ్చిన తైకో ఆటలో డోలు నడుమ ఒక దెబ్బ, అంచున ఒక దెబ్బ. మన డప్పుకు కుడిచేత సిర్ర, ఎడమచేత సిటికెన పుల్ల. రెండు దెబ్బలను ఒక లెక్కలో పేర్చడం అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. కనుక హాస్టలు మంచం మీద ఫోను తట్టే మిత్రుణ్ణి నేను వెక్కిరించను. అతని చెవికి సగం చదువు అయినట్టే.

మిగతా సగం ఫోను నేర్పదు. అందులో పాట ఎవరికోసమూ ఆగదు. వెనకబడినవాడికి మార్కులు కోసి పారేస్తుంది. కోలాటంలో ఒకరు అలిసిపోతే వలయమంతా కాస్త నెమ్మదిస్తుంది. జడ కోలాటంలో ఒక్కరు అడుగు తప్పితే అందరి జడా చిక్కుపడుతుంది. అల్లిన జడను మళ్ళీ అదే లెక్కలో వెనక్కు తిరిగి విప్పాలి. అక్కడ ఒక్కడి గెలుపంటూ లేదు.

ఇంతవరకు శాస్త్రం. ఇప్పుడు అసలు సంగతి. తాళం ఒక చేతి నుంచి మరో చేతికి పోవడానికి ప్రకృతి ఏ అడ్డూ పెట్టలేదు, పెట్టింది మనమే. డప్పును తరతరాలుగా మాదిగల భుజానికే తగిలించి, చావుకూ చాటింపుకూ వెట్టికి పిలిచాం. మావంటి రైతు ఇళ్ళలో పిల్లగాడు కోలలు పడితే మురిసిపోతారు. డప్పు పడితే "అది మన పని కాదురా" అంటారు. అదే పిల్లగాడు ఫోనులో జపాను డోలు వాయిస్తే ఎవరికీ పట్టింపు లేదు! ఎక్కడో ఉన్న జపాను మనకు దగ్గరై, పక్క వాడ దూరమైందా?

మిత్రులారా, విద్యార్థి సంఘానికి నా విన్నపం ఒక్కటే. వచ్చే వార్షికోత్సవంలో ఒక్కొక్కరికి పోటీ పెట్టేబదులు కోలలు, చిరుతలు, డప్పు, చప్పట్లు కలిపి ఒకే వలయం కట్టండి. అబ్బాయిలూ అమ్మాయిలూ అందులో ఉండాలి. ఊళ్ళ నుంచి డప్పు కళాకారులను గురువులుగా పిలవండి. శాలువాతో సరిపెట్టకుండా, నేర్పినన్ని రోజులకూ తగిన రుసుము చేతికివ్వండి. నెల రోజుల సాధన చాలు, ఏ నేర్పు ఎంతవరకు పోతుందో అందరి కళ్ళముందే తేలిపోతుంది.

కోల మోసిన చేతికి సిర్ర బరువేం కాదు. పేరిచ్చేవాళ్ళలో మొదటి పేరు నాది రాసుకోండి.