కాలక్షేపం కాదండీ, సీజన్

"కాలక్షేపం" అనే మాట మీద నాకు చాలా రోజులుగా కోపం ఉంది. ఇవాళ అది తీర్చుకుంటాను, ఏమీ అనుకోకండి.

మా మావయ్యగారు క్రికెట్ చూస్తే "ఆయనకి ఆటంటే ప్రాణం" అంటారు. మా వారు అర్ధరాత్రి దాకా ఐపీఎల్ చూస్తే "వీడి పిచ్చి వీడిది" అని ముద్దుగా విసుక్కుంటారు. అదే సోఫాలో నేను కూర్చుని కబడ్డీ చూస్తుంటే మాత్రం వచ్చిన చుట్టాలందరిదీ ఒకటే మాట. "పోన్లే, నీకూ కాలక్షేపం అవుతోంది." కాలక్షేపం అంటే ఏం పని లేనప్పుడు పొద్దు గడవడానికి చేసేది. రాత్రి ఎనిమిదింటికి ఏం పని లేకుండా కూర్చున్న ఇల్లాలు మా ముదిగొండ మండలం మొత్తంలో ఒక్కతి ఉంటే నాకు చూపించండి, వెళ్ళి దణ్ణం పెట్టుకుని వస్తాను.

కబడ్డీ మ్యాచ్‌లు సరిగ్గా వంట వేళకే మొదలవుతాయి. ఆ టైము ఎవర్ని దృష్టిలో పెట్టుకుని ఎంచుకున్నారో గానీ, రాత్రి వంట చేసేవాళ్ళని మాత్రం కాదు. అందుకని నేను సగం మ్యాచ్ చూస్తాను, సగం వింటాను. ఒక రెయిడ్ 30 సెకన్లు. తాలింపులో ఆవాలు చిటపటలాడి, ఎండుమిర్చి రంగు తిరిగి, కరివేపాకు పడేంత సేపు. వరసగా రెండు రెయిడ్లు పాయింటు లేకుండా పోతే మూడోది డూ ఆర్ డై, పాయింటు తేకపోతే రెయిడర్ అవుటు. అప్పుడు స్టవ్ సిమ్‌లో పెట్టి హాల్లోకి రావాల్సిందే. విజిల్ ఎన్నిసార్లు మోగింది, కామెంటేటర్ గొంతు ఎక్కడ లేచింది అన్నదాన్ని బట్టి వంటింట్లోంచే స్కోరు చెప్పగలను. మా వారు రెండుసార్లు పందెం కాసి ఓడిపోయారు కూడా.

నా జట్టు తెలుగు టైటాన్స్. 2014లో ప్రొ కబడ్డీ మొదలైనప్పటి నుంచీ. అప్పట్లో రాహుల్ చౌదరి గీత దాటుతుంటే ఇంట్లో పిల్లలు ఊపిరి బిగబట్టేవాళ్ళు. ఆ తర్వాత మేం చూసిన రోజులు పగవాళ్ళకి కూడా వద్దు. 8వ సీజన్లో 22 మ్యాచ్‌లాడి ఒక్కటంటే ఒక్కటి గెలిచారు. 9వ సీజన్లో 22కి రెండు. 10వ సీజన్‌కి పవన్ సెహ్రావత్‌ని 2 కోట్ల 60 లక్షల పైన పెట్టి కొనుక్కొచ్చారు, ఇంక మన రోజులు మారాయనుకున్నాం. మళ్ళీ 22కి రెండే. మూడు సీజన్లు, 66 మ్యాచ్‌లు, అయిదు గెలుపులు. ఈ 66లో నేను పూర్తిగా వదిలేసినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పొద్దు పోవడానికైతే ఇంతకంటే హాయిగా పోయే మార్గాలు టీవీలో వంద ఉన్నాయి కదండీ? రోజూ ఓడిపోయే వాళ్ళ పక్కన కూర్చోవడం ఎందుకు?

11వ సీజన్లో 12 గెలిచి ఏడో స్థానంలో ఆగిపోయారు. ఆ సీజన్లో ప్లేఆఫ్స్‌కి వెళ్ళింది ఆరు జట్లే. 2025లో, 12వ సీజన్లో, విజయ్ మాలిక్ కెప్టెన్సీలో ఫైనల్‌కి ఒక్క మెట్టు దూరం దాకా వెళ్ళారు. క్వాలిఫయర్ 2లో పుణేరి పల్టన్ చేతిలో 45-50. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అయిదు పాయింట్లండీ! ఒక్క ఆలౌట్, ఒకటి రెండు మంచి రెయిడ్లు. సరే, పోనివ్వండి.

"వాళ్ళేమన్నా మన ఊరివాళ్ళా? విజయ్ మాలిక్‌ది హర్యానా, భరత్ హుడాది హర్యానా. తెలుగు అని పేరు పెట్టుకున్నంత మాత్రాన మనవాళ్ళయిపోతారా?" అని అడిగేవాళ్ళున్నారు. మగవాళ్ళు అడిగితే నవ్వి ఊరుకుంటాను. ఆడవాళ్ళు అడిగితేనే ఆశ్చర్యం. నేను ముదిగొండలో పుట్టానా? ఇక్కడికి కోడలిగా వచ్చాను. మా అత్తయ్యగారు మరో ఊరి నుంచి వచ్చారు, ఆవిడ అత్తగారు ఇంకో ఊరి నుంచి. ఎక్కడో పుట్టి, ఇంకో ఇంటిపేరు మోస్తూ, ఆ ఇంటి పొలం పండితే మనం పండినట్టు, ఆ ఇంటి పరువు పోతే మన పరువు పోయినట్టు బతికేది మనమే కదా. ఇరవయ్యేళ్ళ కుర్రాడు సోనీపత్ నుంచో రోహ్‌తక్ నుంచో వచ్చి తెలుగు అని రాసిన చొక్కా వేసుకుని మోకాళ్ళు పగలగొట్టుకుంటుంటే, మనవాడు కాదని అనడానికి మనకి నోరెలా వస్తుంది?

2021-22 చలికాలం గురించి చెప్పాలి. మా వైపు మిర్చి వేసిన వాళ్ళెవరూ ఆ ఏడు మర్చిపోరు. నల్ల తామర పురుగు పట్టి పూత పూతంతా మాడిపోయింది. మందు కొట్టిన కొద్దీ ఖర్చు పెరిగింది తప్ప పురుగు తగ్గలేదు. సాయంత్రాలు ఇంట్లో ఎవరూ ఎవరితో మాట్లాడేవాళ్ళు కాదు. కోవిడ్ వల్ల ఆ సీజన్ కబడ్డీ అంతా బెంగళూరులో ఒకే చోట ఆడించారు, ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్‌ఎల్ అంతా గోవాలో. టీవీలో టైటాన్స్ ఓడిపోతుండేవాళ్ళు, ఫోన్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీ గెలుస్తుండేది. నాకు ఫుట్‌బాల్ అలా అంటుకుంది. ఒగ్బెచే అని నైజీరియా ఆటగాడు, వయసు 37, ఆ సీజన్లో 18 గోల్స్ కొట్టాడు. లీగ్‌లో అందరికంటే ఎక్కువ. మా మావయ్యగారు పొలం నుంచి వచ్చి చెప్పులు విడుస్తూ "ఇవాళ ఆ పెద్దాయన కొట్టాడా?" అని అడిగేవారు. ఆ రోజుల్లో ఆయన నోట్లోంచి వచ్చే మొదటి మాట అదే. దాన్ని కాలక్షేపం అంటే నేనొప్పుకోను.

2022 మార్చి 20, ఆదివారం, ఫటోర్డాలో ఫైనల్. స్టేడియం నిండా పసుపు చొక్కాలు, అంతా కేరళ బ్లాస్టర్స్ వాళ్ళే. వాళ్ళ రాహుల్ కేపీ ముందు గోల్ కొట్టాడు. 88వ నిమిషంలో మన సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన బంతి లోపలికి వెళ్ళింది. పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. అందులో నిషు కుమార్ కొట్టినదాన్ని ఆపితే, గీత దాటి ముందుకొచ్చావని రిఫరీ మళ్ళీ కొట్టించాడు, రెండోసారీ ఆపాడు! 3-1తో హైదరాబాద్ ఛాంపియన్. అవతలి వీధి దాకా వినపడేలా అరిచానని మర్నాడు పాలు పోయడానికొచ్చినామె చెప్పింది.

హైదరాబాద్ ఫుట్‌బాల్‌కి ఇది కొత్త గౌరవమేం కాదు. సయ్యద్ అబ్దుల్ రహీమ్ అనే స్కూలు మాస్టారు తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు రోవర్స్ కప్ తెచ్చింది. భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి వెళ్ళినా, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారం తెచ్చినా వెనక ఉన్నది ఆయనే. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆ రెండు జట్లలోనూ ఉన్నాడు. ఇంత చరిత్ర ఉన్న ఊరికి ఎన్నో ఏళ్ళకి ఒక జట్టు, ఒక కప్పు.

ఆ జట్టుకి ఏమైందో చూడండి. కప్పు తెచ్చిన మర్నాటి సీజన్ రెండో స్థానం. ఆపై సీజన్లో జీతాలు అందక పెద్ద ఆటగాళ్ళంతా వెళ్ళిపోయారు, బాకీలు తీర్చనందుకు కొత్తవాళ్ళని తీసుకోకుండా నిషేధం పడింది. మిగిలిన చిన్న పిల్లల్ని పెట్టుకుని తంగ్‌బోయ్ సింగ్టో అనే కోచ్ నెట్టుకొచ్చాడు. 22 మ్యాచ్‌లకి ఒక్క గెలుపు. నాకు టైటాన్స్‌తో అలవాటే కాబట్టి తట్టుకున్నాను. 2024లో యజమానులు మారారు. 2025లో జట్టు మొత్తాన్ని ఢిల్లీకి తీసుకుపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు పెట్టారు. మా వారు ఫోన్‌లో చూసి "మీ హైదరాబాద్ పోయిందట" అన్నారు, స్టాండులో బస్సు వెళ్ళిపోయినట్టు. మన వైపు ఎవరూ గట్టిగా ఒక్క మాట అనలేదు. ఒక సినిమా రిలీజు వాయిదా పడితే ఇంతకంటే గొడవ చేస్తాం.

మా చిన్న ఆడపడుచు వాళ్ళు అమెరికాలో డల్లాస్ దగ్గర ఉంటారు. తను బాస్కెట్‌బాల్ మనిషి, మావెరిక్స్ అంటే పడి చచ్చిపోతుంది. 2024లో తన జట్టు ఫైనల్స్‌కి వెళ్ళి బోస్టన్ చేతిలో ఓడిపోయింది. ఆ మరుసటి ఫిబ్రవరిలో ఒక అర్ధరాత్రి, జట్టుకి ప్రాణం లాంటి లూకా డాంచిచ్‌ని లాస్ ఏంజిలస్ లేకర్స్‌కి ఇచ్చేసి ఆంథనీ డేవిస్‌ని తెచ్చుకున్నారు. "వదినా, ఇంట్లో మనిషిని అమ్మేసినట్టుంది" అని నాకు ఫోన్ చేసి ఏడ్చింది. నలభై దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తల్లి. నేను నవ్వలేదు. అక్కడి అభిమానులు ఊరుకోలేదండీ. స్టేడియం బయట జెండాలు పట్టుకున్నారు, లోపల ప్రతి మ్యాచ్‌లో ఆ మేనేజర్ నికో హారిసన్‌ని తీసెయ్యండని నినాదాలు చేశారు. ఒక రోజు కాదు, రెండ్రోజులు కాదు, తొమ్మిది నెలలు. 2025 నవంబర్లో అతన్ని తీసేశారు. లూకా తిరిగి రాలేదు, అది వేరే సంగతి. కానీ "మమ్మల్ని అడక్కుండా చేశారు" అన్న మాట వాళ్ళు అనగలిగారు.

మనం ఎందుకు అనలేకపోయాం? మనం అభిమానులమని మనమే ఒప్పుకోం కాబట్టి. చూసినదానికి కాలక్షేపం అని పేరు పెట్టుకుంటే, అది పోయినప్పుడు అడగడానికి ఏముంటుంది? పొద్దు పోవడానికి ఇంకో ఛానెల్ ఉంది. యజమానులకి కూడా అదే కావాలి. మనం సీరియల్ మార్చినట్టు జట్టు మార్చేస్తామని వాళ్ళ ధీమా. నేను మార్చను. ఢిల్లీ జట్టులో పాత హైదరాబాద్ ఆటగాడు కనిపిస్తే బాగా ఆడాలనుకుంటాను, అంతవరకే.

ఆడవాళ్ళ పత్రికల్లో "మీ కోసం మీరు కాస్త సమయం కేటాయించుకోండి" అని రాస్తుంటారు. ఆ సమయంలో ఏం చేయాలో కూడా వాళ్ళే చెప్తారు. మొహానికి శనగపిండి, అరగంట ధ్యానం, డాబా మీద మొక్కలు. కబడ్డీ చూడండి అని ఎవరూ రాయగా నేను చూడలేదు. మొహానికి పిండి రాసుకుంటే ఇల్లాలికి విశ్రాంతి, రెయిడ్ చూస్తూ కేకేస్తే ఇల్లు పట్టనిది!

మీలో కొందరికి వేరే భయం ఉందని నాకు తెలుసు. మ్యాచ్ అనగానే బెట్టింగ్ గుర్తొస్తుంది, పిల్లలు ఫోన్లలో డబ్బులు పోగొట్టుకున్న ఇళ్ళు ప్రతి ఊళ్ళో ఉన్నాయి. తెలంగాణలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని 2017లోనే నిషేధించారు, 2025లో కేంద్రం కూడా చట్టం తెచ్చింది, అయినా దొంగచాటుగా సాగుతూనే ఉంది. ఆ భయం న్యాయమైనదే. కానీ పందెం కాసేవాడికి జట్టంటూ ఉండదు, ఆ రాత్రికి ఒక అంకె ఉంటుంది. వాడు గదిలో తలుపేసుకుని చూస్తాడు. ఇంట్లో పది మంది మధ్య, అమ్మ కూడా కూర్చుని చూసే మ్యాచ్‌లో వాడి ఆటలు సాగవు. కాబట్టి ఆ భయం ఉన్నవాళ్ళే ముందు హాల్లోకొచ్చి కూర్చోవాలంటాను నేను.

ఇంకొకటి. నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన లంబాడీ అమ్మాయి సౌమ్య గుగులోత్ పేరు మీలో ఎంతమంది విన్నారు? క్రొయేషియా వెళ్ళి డైనమో జాగ్రెబ్‌కి ఆడి వచ్చింది. 2024-25లో ఈస్ట్ బెంగాల్ తరఫున ఇండియన్ ఉమెన్స్ లీగ్ గెలిచింది, ఆ ఏడాది దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ అవార్డు ఆమెదే. 2025 జులైలో మన అమ్మాయిలు థాయ్‌లాండ్‌ని వాళ్ళ గడ్డ మీదే 2-1తో ఓడించి ఆసియా కప్‌కి అర్హత తెచ్చుకున్నారు, ఆ జట్టులోనూ ఉంది. ఆడపిల్లల లీగ్ మ్యాచ్‌లు చాలావరకు మధ్యాహ్నం పూట, యూట్యూబ్‌లో ఊరికే వస్తాయి. అన్నాలయ్యి గిన్నెలు కడిగేసి మనం నడుం వాల్చే వేళ. మన టైముకి సరిగ్గా సరిపోయే మ్యాచ్‌లు అవే, వాటినే మనం చూడం. పక్కన చూసినవాళ్ళ సంఖ్య కూడా కనిపిస్తుంది. చూస్తే సిగ్గేస్తుంది.

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. నాతో కూర్చుని చూసి చూసి తనకీ ఫుట్‌బాల్ ఆడాలని పుట్టింది. స్కూల్లో ఆటల పీరియడ్‌లో అబ్బాయిలకి బంతి, అమ్మాయిలకి టెన్నికాయిట్ రింగు ఇస్తారట. నేను వెళ్ళి అడిగాను. "ఫుట్‌బాల్ ఆడేంత మంది ఆడపిల్లలు లేరండీ" అన్నారు. పదకొండు మంది అక్కర్లేదు, అయిదుగురు చాలు, ఎవరెవరి ఇళ్ళకి వెళ్ళి అడగాలో పేర్లు చెప్పండి అన్నాను. చెప్పారు. నలుగురు తల్లులు ఒప్పుకున్నారు. అయిదో ఆవిడ ఇంకా ఆలోచిస్తోంది, వాళ్ళాయన్ని అడగాలట. ఆదివారం మళ్ళీ వెళ్తున్నాను.