సేవకు కొలబద్ద టర్నోవరా?

నగరపాలక సంస్థ ఖజానాలో చేరే సొమ్ముకు మతం లేదు. పాతబస్తీలో గాజుల దుకాణం నడిపేవాడు ట్రేడ్ లైసెన్సు రుసుము కడతాడు, బంజారాహిల్స్‌లో భవంతి ఉన్నవాడు ఆస్తిపన్ను కడతాడు. ఆ సొమ్ముతో నడిచే నిరాశ్రయుల వసతి గృహమూ, అయిదు రూపాయల భోజన కేంద్రమూ నగరవాసులందరి సొత్తు. కానీ వాటిని నడిపే బాధ్యత ఎవరి చేతికి వెళ్తుందో తేల్చేది టెండరు పత్రంలో 'అర్హతా నిబంధనలు' అనే శీర్షిక కింద ఉండే రెండు మూడు పుటలు. ఎన్నికల ప్రణాళికలను మనం ఆసక్తితో చదువుతాము, నాయకుల ఉపన్యాసాలను చర్చించుకుంటాము. ఈ పుటలను మాత్రం మన సముదాయంలో చదివేవారు అరుదు. మన ప్రమేయం లేకుండా మన బస్తీల సేవ ఎవరికి దక్కాలో నిర్ణయమవుతున్నది అక్కడే.

ఆ పుటల్లో సాధారణంగా ఏముంటుంది? గత మూడు సంవత్సరాల ఆడిటు లెక్కలు. ఇన్ని లక్షలకు తగ్గని వార్షిక టర్నోవరు. అదే తరహా పనిని ప్రభుత్వ శాఖకు చేసినట్లు అనుభవ ధ్రువపత్రం. ధరావతు సొమ్ము. ఆదాయపన్ను చట్టం కింద 12ఏ, 80జీ నమోదులు, దర్పణ్ పోర్టల్ సంఖ్య. వీటన్నింటినీ దాటి వచ్చినా ముందు సంస్థ తన చేతి సొమ్ము ఖర్చు పెట్టాలి, బిల్లు నెలల తరువాత వస్తుంది. విడివిడిగా చూస్తే ప్రతి నిబంధనకూ ఒక కారణం చెప్పవచ్చు. అన్నీ కలిపి పేర్చినప్పుడు అవి గోడ అవుతాయి. ఆ గోడను దాటగలిగేది పెద్ద సంస్థ మాత్రమే.

ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ఉద్యోగ జీవితం గడిపినవాడిని కనుక ఈ నిబంధనలు ఎలా పుడతాయో ఎరుగుదును. పాత ఫైలు తీసి, అందులోని నమూనాలో పని పేరు, తేదీ, మొత్తం మార్చి పై అధికారికి పంపుతారు. రోడ్డు పనికి రాసిన షరతు అలా నడుచుకుంటూ వచ్చి అనాథ వృద్ధుడికి మంచం వేసే పనికీ అతుక్కుంటుంది. ఇందులో దురుద్దేశం ఉండనక్కరలేదు, అలవాటు చాలు. అయితే అలవాటు వల్ల జరిగే అన్యాయం కూడా అన్యాయమే.

నిరాశ్రయుల వసతి విషయమే చూద్దాము. ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2010 నుంచి ఇచ్చిన ఆదేశాల మేరకు పెద్ద నగరాల్లో లక్ష జనాభాకు ఒక వసతి గృహం ఉండాలి. 2011 జనగణన ప్రకారమే హైదరాబాదు నగర జనాభా 67 లక్షలు దాటింది. అంటే ఆనాటి లెక్కకే అరవైకి పైగా గృహాలు కావాలి. నేటికీ మనం ఆ లెక్కకు చాలా దూరంలో ఉన్నాము. 2013లో ప్రారంభమైన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ మార్గదర్శకాలు ఈ గృహాల నిర్వహణను స్వచ్ఛంద సంస్థలకే పరిమితం చేయలేదు. బస్తీ సంఘాలకూ, మహిళా పొదుపు సంఘాల సమాఖ్యలకూ అవకాశం ఇచ్చాయి. ఢిల్లీలో తెరిచిన తలుపును స్థానిక టెండరు పత్రం మూసివేస్తే ఆ మార్గదర్శకాలకు అర్థమేమిటి?

నాంపల్లి రైల్వే స్టేషను పరిసరాల్లో, దర్గాల చుట్టూ, ఉస్మానియా, నీలోఫర్ ఆసుపత్రుల ఆవరణల్లో రాత్రి వేళ నేలపై పడుకునేవారిని ఆదుకుంటున్నవారిలో ఈ చిన్న సంఘాలు ముందుంటాయి. మొహల్లా యువకుల కమిటీ దుప్పట్లు పంచుతుంది. జకాత్, సదఖా సొమ్ముతో నడిచే చిన్న ట్రస్టు రోగి సహాయకులకు భోజనం పెడుతుంది. కొన్ని మసీదుల ఆవరణల్లో ఉచిత వైద్య కేంద్రాలు నడుస్తున్నాయి. 2020 లాక్‌డౌన్‌లో రేషన్ సంచులు మోసినవారూ, 2021 వేసవిలో ఆక్సిజన్ సిలిండర్లు చేరవేసినవారూ, అయినవారే ముట్టుకోవడానికి భయపడిన శవాలకు మతం అడగకుండా అంత్యక్రియలు జరిపినవారూ వీరిలో ఉన్నారు. అయినా వీరికి 'అనుభవం' లేదు! ఎందుకంటే అనుభవ ధ్రువపత్రం ప్రభుత్వ ఒప్పందం చేసినవారికే వస్తుంది. పని దొరకాలంటే అనుభవం ఉండాలి, అనుభవం రావాలంటే పని దొరకాలి. ఈ వలయంలో ఏ చిన్న సంఘమైనా ఎక్కడ అడుగు పెట్టగలదు?

ప్రభుత్వ ధనానికి రక్షణ కావాలి కదా, అందుకే ఈ షరతులు అని అధికారులు అంటారు. రక్షణ కావలసిందే. అయితే టర్నోవరు సంస్థ పరిమాణాన్ని చెబుతుందే గాని దాని నిజాయితీని చెప్పదు. పైగా సడలింపు ఎలా ఇవ్వాలో ప్రభుత్వానికి తెలియనిది కాదు. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళి, 2017లోని 173వ నియమం స్టార్టప్ సంస్థలకు టర్నోవరు, పూర్వానుభవ షరతులను సడలించేందుకు వీలు కల్పించింది. 170వ నియమం చిన్న పరిశ్రమలకు ధరావతు మినహాయించింది. 2012 నాటి కొనుగోలు విధానం ఇప్పుడు కేంద్ర కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు కేటాయిస్తున్నది. అందులో 4 శాతం దళిత, ఆదివాసీ యజమానులకు, 3 శాతం మహిళలకు. ఇవన్నీ మంచి నిర్ణయాలే. ఇవి కేంద్ర నిబంధనలైనా నగరపాలక సంస్థలు ఈ సూత్రాన్ని స్వీకరించడానికి అడ్డు లేదు. లాభం కోసం పుట్టిన కొత్త కంపెనీకి చెయ్యి అందించే రాజ్యం, లాభం ఆశించక ఆకలి తీర్చే బస్తీ సంఘాన్ని గడప బయట నిలబెట్టడం ఏ నీతి?

ఇక మతం మాట. మసీదు కమిటీకో, ముస్లిం ట్రస్టుకో పౌరసేవ అప్పగిస్తే లౌకికత్వం దెబ్బతింటుందని పెదవి విరిచేవారున్నారు. హైదరాబాదులో 2014 నుంచి అయిదు రూపాయల భోజన పథకాన్ని నగరపాలక సంస్థ హరేకృష్ణ మూవ్‌మెంట్ సంస్థతో కలిసి నడిపింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఆగస్టులో తిరిగి తెరిచిన అన్న క్యాంటీన్లకు భోజనం అందించే పని కూడా ఆ సంస్థకే దక్కింది. ఆ సేవను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆ భోజనంతో కడుపు నింపుకున్న కూలీలలో మనవారూ ఎందరో ఉన్నారు, వారికి కృతజ్ఞతలు చెప్పాలి. నేను అనేది ఇంతే: ధార్మిక నేపథ్యం పౌరసేవకు అనర్హత కాదని ప్రభుత్వాలే అంగీకరించాయి. ఆ అంగీకారం మసీదుకూ, చర్చికీ, గురుద్వారాకూ సమానంగా వర్తించాలి. రాజ్యాంగం 14, 15 అధికరణాలు కోరేది ఈ సమానత్వమే.

దీనిని రిజర్వేషను కోరికగా వక్రీకరించేవారికీ సమాధానం చెప్పుకోవాలి. 2025లో కర్ణాటక శాసనసభ ప్రభుత్వ కాంట్రాక్టుల్లో 2బి వర్గపు ముస్లింలకు 4 శాతం కేటాయిస్తూ బిల్లు ఆమోదించింది. గవర్నరు దానిని రాష్ట్రపతి పరిశీలనకు పంపారు. ఆ బిల్లు మంచిచెడ్డలు వేరే చర్చ. ఇక్కడ మనం కోటా అడగడం లేదు. సేవకు సంబంధం లేని షరతును తొలగించమంటున్నాము. అది తొలగితే దళితవాడ యువజన సంఘానికీ, మహిళా సమాఖ్యకూ మనతోపాటే తలుపు తెరుచుకుంటుంది.

నిజానికి ఈ పత్రాలు కఠినంగా ఉండవలసిన చోట మెతకగా ఉన్నాయి. సంస్థ ఎంత పెద్దది అన్నదానిపై ఉన్న పట్టుదల, అది లబ్ధిదారుని ఎలా చూడాలన్నదానిపై కనిపించదు. ఆధార్ కార్డు లేదని అర్ధరాత్రి ఎవరినీ వెనక్కి పంపరాదని, స్త్రీలకు ప్రత్యేక గది ఉండాలని, పిల్లల ఆహారంలో గుడ్డు ఉండాలా వద్దా అన్నది వండేవారి విశ్వాసాన్ని బట్టి కాక పోషణ అవసరాన్ని బట్టి నిర్ణయించాలని ఒప్పందంలో స్పష్టంగా రాయాలి. తెలంగాణలో ఉర్దూ 2017 నుంచి రాష్ట్రమంతటా రెండవ అధికార భాష. హైదరాబాదు జిల్లా జనాభాలో 2011 జనగణన ప్రకారం నూటికి 43 మంది ముస్లింలు. అలాంటి చోట సేవా కేంద్రం గోడపై, ఫిర్యాదుల పుస్తకంలో ఉర్దూ ఉండాలని కోరడం అతిశయం కాదు.

ఈ కఠినత మనకూ వర్తించాలి. మన ట్రస్టుకు వసతి గృహం దక్కిన నాడు అక్కడ రాములుకూ, జోసెఫ్‌కూ, జానీమియాకూ ఒకే మంచం, ఒకే దుప్పటి ఉండాలి. నమాజుకు రమ్మని ఒక్కరిపై కూడా ఒత్తిడి ఉండరాదు. ప్రభుత్వ సొమ్ము మన చేతిలో అమానతు. అమానతుకు ద్రోహం చేసిన సంస్థ ఒప్పందం రద్దు కావలసిందే, దాని పేరు ఏ భాషలో ఉన్నా సరే.

న్యాయస్థానం ఈ పని చేసిపెడుతుందని కూర్చోవడం అవివేకం. బొంబాయి విమానాశ్రయంలో ఉపాహారశాల టెండరుపై వచ్చిన రమణ దయారాం శెట్టి కేసులో 1979లో సుప్రీంకోర్టు ఒక మాట తేల్చింది: ప్రభుత్వం కాంట్రాక్టులు ఇచ్చేటప్పుడు ఇష్టారాజ్యంగా వ్యవహరించడానికి వీలులేదు. తరువాతి తీర్పులు మాత్రం షరతుల రూపకల్పనలో అధికారులకు చాలా స్వేచ్ఛ ఇచ్చాయి. కనుక షరతు ఖరారు కాకముందే మన గొంతు వినిపించాలి. పెద్ద టెండర్లకు ముందు జరిగే ప్రీ-బిడ్ సమావేశంలో లిఖితపూర్వకంగా అభ్యంతరం ఇస్తే దానికి జవాబు రాయవలసి వస్తుంది, కొన్నిసార్లు సవరణ కూడా వెలువడుతుంది. పాత ఒప్పందాల నకళ్లను సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో కోరవచ్చు.

అలాగే మన ఇంటినీ సరిదిద్దుకోవాలి. ఖురాన్‌లోని అతి దీర్ఘమైన ఆయతు అప్పు ఒప్పందాన్ని రాసుకోవడం గురించీ, సాక్షుల గురించీ ఉన్నది. ఆ గ్రంథాన్ని అనుసరించే మనం లక్షల రూపాయల జకాత్‌ను నోటి లెక్కలతో పంచుతాము. రిజిస్ట్రేషను లేని కమిటీలు, ఆడిటు లేని ఖాతాలు, రాసుకోని తీర్మానాలు మనకు కొత్త కాదు. 2001 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురు చేరితే సంఘం నమోదు చేసుకోవచ్చు. నాలుగైదు మొహల్లాల సంఘాలు ఒక సమాఖ్యగా ఏర్పడవచ్చు. లెక్కలు శుభ్రంగా ఉన్నవాడు అడిగే హక్కుకు బలం ఎక్కువ.

మన కోరికలు ఇవి: చిన్న సేవా ఒప్పందాలలో టర్నోవరు షరతు తొలగించాలి. స్థానిక సేవకు వార్డు అధికారి, లబ్ధిదారులు ఇచ్చే ధ్రువీకరణను అనుభవంగా స్వీకరించాలి. ధరావతు మినహాయించి, మూడు నెలల ఖర్చు ముందుగా ఇవ్వాలి. వివక్ష చూపరాదన్న షరతును ప్రతి ఒప్పందంలో చేర్చి, దానిని ఉల్లంఘిస్తే ఒప్పందం రద్దు చేయాలి. ఒప్పందం ప్రతిని తెలుగు, ఉర్దూ భాషల్లో వార్డు కార్యాలయంలో అందరికీ కనిపించేలా ఉంచాలి.

శీతాకాలానికి ముందే వసతి గృహాల పనులకు ఏర్పాట్లు చేసుకోవాలి. ఈ సంచిక చేతికందిన ప్రతి కమిటీ ఒక చదువుకున్న యువకుడికో, యువతికో టెండరు ప్రకటనలు చూసే పని అప్పగించాలి. ఆ పత్రం తెచ్చి, జుమా తరువాత పదిమంది కూర్చుని, అర్హతా నిబంధనలను ఒక్కొక్కటిగా చదివి, అభ్యంతరాలు రాసి, గడువులోగా సమర్పించాలి.