తెలివైన పిల్లలు ఐదో తరగతి దాకా ఆగాల్సిందేనా?

రెండో తరగతి చదివే ఒక పాప అనుకుందాం. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, ఇంగ్లీషు. అబ్బా కిరాణా కొట్లో కూర్చుంటే చిల్లర లెక్క నోటితోనే చెప్పేస్తుంది. అదే లెక్క పుస్తకంలో తెలుగు వాక్యంగా వస్తే తడబడుతుంది. టీచర్ దృష్టిలో ఆమె ‘వీక్’. నిజానికి వెనకబడింది లెక్కలో కాదు, భాషలో. ఇలాంటి పిల్లలు మన గల్లీల్లో తక్కువేం కాదు.

ప్రతిభను వెతికే ప్రభుత్వ వ్యవస్థ ఎక్కడ మొదలవుతుందో చూడండి. తెలంగాణ మైనారిటీ గురుకులాల్లో ప్రవేశం 5వ తరగతి నుంచి. నవోదయలో 6వ తరగతి నుంచి. ఏడాదికి రూ.12,000 ఇచ్చే ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష 8వ తరగతిలో. మరి 1, 2, 3 తరగతుల సంగతేంటి? మైనారిటీ పిల్లలకు 1 నుంచి 8వ తరగతి వరకు వచ్చిన కేంద్ర ప్రీ-మెట్రిక్ స్కాలర్‌షిప్‌ను కూడా 2022-23 నుంచి 9, 10 తరగతులకే పరిమితం చేశారు. విద్యాహక్కు చట్టం కింద 8 దాకా చదువు ఉచితమే కదా అన్నది కేంద్రం వాదన.

2021లో మొదలైన నిపుణ్ భారత్ లక్ష్యం 3వ తరగతి అయ్యేసరికి ప్రతి బిడ్డకూ చదవడం, రాయడం, లెక్కలు రావాలని. అది అవసరమే. కానీ అవి ముందే వచ్చేసిన బిడ్డ ఏం చేయాలి? పని ముందే ముగించి పక్కవాళ్లను కదిలిస్తే ‘అల్లరి’ అనే పేరొస్తుంది. జాతీయ విద్యా విధానం 2020 మాత్రం ఇలాంటి పిల్లలను టీచర్లు గుర్తించి, అదనపు మెటీరియల్ ఇచ్చి ప్రోత్సహించాలని చెప్పింది. ఒకే టీచర్ రెండు మూడు తరగతులు చూసే బడిలో ఇది కాగితం దాటడం కష్టం.

డబ్బున్నవాళ్లు ఒలింపియాడ్ కోచింగ్ కొనుక్కుంటారు. మన ఇళ్లలో చాలామందికి టీచరే దిక్కు. అందుకే మొదటి అడుగు మనమే వేయాలి. పేరెంట్స్ మీటింగ్‌లో మార్కులు అడిగి వచ్చేయకండి. ‘మా పాప ఉర్దూలో ఈ లెక్క చేస్తుంది, ఒకసారి నోటితో అడిగి చూడండి మేడమ్’ అని చెప్పండి. పై తరగతికి ఎక్కించమని పట్టుబట్టొద్దు. అదే పాఠంలో ఇంకాస్త కష్టమైన లెక్క, లైబ్రరీ నుంచి ఒక కథల పుస్తకం అడగండి. వీటికి ఖర్చేమీ లేదు.

ప్రభుత్వం చేయాల్సిందీ ఉంది. చిన్న తరగతుల్లో పిల్లల స్థాయి చూసేటప్పుడు ఇంటి భాషలో కూడా అడగాలి. లేదంటే గురుకులం గేటు దాకా వచ్చేలోపే, ‘నాకు చదువు రాదు’ అని ఆ పాప నమ్మేస్తుంది.