“ఇన్నాళ్లూ ఏం చేశావు?” అని అడిగే ముందు

ఐదో నెల దాటాక గర్భస్రావం కోరి వచ్చిన స్త్రీని “ఇన్నాళ్లూ ఏం చేశావు?” అని నిలదీయడం మన సమాజానికి అలవాటు. ఆ ప్రశ్నలోనే తీర్పు దాగి ఉంది.

ఆలోచించండి. శిశువు గుండె, మెదడు, వెన్నెముకలలోని లోపాలను పరిశీలించే టిఫా స్కాన్ సాధారణంగా 18–22 వారాల మధ్య చేస్తారు. అనేక లోపాలు అంతకుముందు తెలియవు. పాలిచ్చే తల్లికీ, ముట్లుడిగే వయసు స్త్రీకీ నెలసరి తప్పడం వింతగా తోచదు. అత్యాచారానికి గురైన బాలిక భయంతో నోరు విప్పదు. కొందరికి గర్భం నిలిచాకే వైధవ్యమో విడాకులో సంభవిస్తాయి.

చట్టం ఈ వాస్తవాలను గుర్తించింది. 2021 సవరణ ప్రకారం ఇటువంటి కొన్ని పరిస్థితులలో ఇద్దరు వైద్యుల అభిప్రాయంతో 24 వారాల వరకు అనుమతి ఉంది. శిశువుకు తీవ్ర లోపాలున్నాయని వైద్య మండలి నిర్ధారిస్తే ఆ గడువు వర్తించదు. అవివాహితలను 24 వారాల అవకాశం నుండి మినహాయించరాదని 2022లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది.

ఆ ఆదరణ ఇంట్లో, ఆసుపత్రిలో కొరవడితే ఆమె నాటువైద్యుల గడప తొక్కి ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది. గర్భం పెరిగేకొద్దీ ప్రమాదమూ పెరుగుతుంది. కనుక విచారణలతో మరో వారం గడపక, ఆమెను వెంటనే అర్హులైన వైద్యుల వద్దకు తీసుకువెళ్లండి.