ఏకగ్రీవం ఎవరి గొంతు?

పాత ప్రజాస్వామ్య దేశాల్లో ఓటర్లు తగ్గిపోతున్నారని రాజనీతి పండితులు దిగులు పడుతున్నారు. విస్సన్నపేట నుంచి చూస్తే ఆ దిగులు వింతగా ఉంటుంది. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో 80 శాతానికి పైగా ఓట్లు పడ్డాయి. అదే ఎన్నికల్లో హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో సగం కూడా పడలేదు. అయితే పల్లె గెలిచినట్టేనా?

ఇక్కడ ప్రభుత్వాలే తగ్గించజూస్తున్నది పోటీని. 2021 పంచాయతీ ఎన్నికల్లో ఏకగ్రీవం చేసుకున్న ఊళ్లకు జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ప్రోత్సాహకం ప్రకటించారు. ఊరి ఐక్యత కోసమట! రామాలయం అరుగు మీద కూర్చుని ఆ ఐక్యతను కుదిర్చేదెవరు? స్థానిక సంస్థల్లో సగం సీట్లు స్త్రీలవని చట్టం చెబుతోంది. నామినేషన్ వేయబోయిన దళిత స్త్రీని "ఊరికొచ్చే డబ్బు పోగొడతావా" అని నిలదీస్తే ఆ సగంలో మిగిలేదేమిటి? ఆమె సంతకం, పక్కన భర్త కుర్చీ.

1992లో దూబగుంట ఆడవాళ్లు ఓట్ల రోజు కోసం ఎదురుచూడలేదు. సారా దుకాణానికి అడ్డం నిలబడ్డారు. 1995 మద్యనిషేధం దాకా నడిపించింది ఆ తగవే.

ఏకగ్రీవానికిచ్చే పైకం నోరు మూసుకున్నందుకిచ్చే కూలి. దాన్ని రద్దు చేయండి. ఆ సొమ్ముతో గ్రామసభలు జరపండి, ఆడవాళ్లు పనికూలి పోగొట్టుకోకుండా రాగలిగే వేళకు.